సాక్షి పక్కన నిలిచేదెవరు? పౌర సమాజం, చట్టబద్ధ పాలన: పశ్చిమ కర్నూలు నేపథ్యంలో ఒక నైతిక విచారణ

ప్రస్తావన

ప్రజాస్వామ్యాన్ని కాపాడేది ఏది అని అడిగితే రాజ్యాంగం, న్యాయస్థానాలు, ఎన్నికల సంఘం, పత్రికలు అని చెప్పడం మనకు అలవాటు. ఈ వ్యవస్థలన్నీ చివరికి ఒక సామాన్యుడి మాట మీద ఆధారపడి ఉంటాయన్న విషయం అంతగా స్ఫురించదు. న్యాయమూర్తి ఎంత నిష్పాక్షికుడైనా, హత్యను చూసినవాడు చూశానని చెప్పకపోతే నేరం రుజువు కావడం కష్టం. గ్రామసభకు చట్టం ఎన్ని అధికారాలిచ్చినా, చేయని పనికి డబ్బు చెల్లించారని తెలిసినవాడు లేచి నిలబడకపోతే ఆ అధికారాలు తీర్మానాల పుస్తకం దాటి రావు. మార్కెట్ యార్డులో తూకానికి ఎన్ని నియమాలున్నా, కాటాలో తేడా గమనించిన రైతు నోరు విప్పకపోతే అవి గోడ మీది రాతలుగానే మిగులుతాయి. పాలకుడి ఇష్టం ఉన్న చోట నియమాన్ని నిలపడమే చట్టబద్ధ పాలన. ఆ నియమం నడవాలంటే జరిగినదాన్ని జరిగినట్లు చెప్పేవాళ్లు ఉండాలి.

ఈ వ్యాసం ఆ సామాన్యుడి గురించి, అతని పక్కన నిలవవలసినవాళ్ల గురించి. పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలను, వాటి చుట్టుపట్ల పల్లెలను ఆధారంగా చేసుకొని, పౌర సమాజాన్ని బలపరచడమంటే నైతికంగా ఏమిటో పరిశీలించడం దీని ఉద్దేశం. పౌర సమాజం బలాన్ని సంఘాల సంఖ్యతోనో, వాటి నిధులతోనో కొలవడం సరిపోదని, నిజం చెప్పడానికి ఒక సామాన్యుడికి ఎంత సాహసం కావలసి వస్తున్నదో దాన్నిబట్టి కొలవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

'సాక్షి' అన్న మాట

'సాక్షి' అంటే కళ్లారా చూసినవాడు. పాణిని సూత్రం కూడా సాక్షాత్తుగా చూసినవాడన్న అర్థంలోనే ఈ పదాన్ని సాధిస్తుంది. మన ఆలోచనా సంప్రదాయంలో మాత్రం ఈ ఒక్క మాట వేర్వేరు దారులు పట్టింది. అద్వైతంలో సాక్షి కేవల చైతన్యం. అది అన్నిటినీ ప్రకాశింపజేస్తుంది, దేనిలోనూ పాలుపంచుకోదు. ధర్మశాస్త్రాల వ్యవహార ప్రకరణాల్లో సాక్షి సభలో నిలబడి చెప్పవలసినవాడు. అక్కడ అబద్ధం చెప్పినవాడితో పాటు తెలిసీ మౌనం వహించినవాడు కూడా దోషే. అవే శాస్త్రాలు ఎవరి సాక్ష్యం చెల్లుతుందో, ఎవరిది చెల్లదో వర్ణాన్నిబట్టి, స్త్రీపురుష భేదాన్నిబట్టి హద్దులు గీశాయన్న సంగతిని కూడా మరువరాదు. అందరి కళ్లూ చూస్తాయి కాని, కొందరి చూపే సాక్ష్యమవుతుంది. ప్రజాస్వామ్యం చెరపవలసిన మొదటి గీత ఇదే.

ఆధునిక తెలుగు వచనంలో పానుగంటి లక్ష్మీనరసింహారావు ఈ మాటకు మరొక ముఖం ఇచ్చారు. ఆడిసన్, స్టీల్‌ల 'స్పెక్టేటర్' పత్రిక ప్రేరణతో ఆయన రాసిన వ్యాసాల్లో సాక్షి ఒంటరి వ్యక్తి కాడు. అతనికొక సంఘముంది. జంఘాలశాస్త్రి వంటి వక్త ఆ సంఘంలో సభ్యుడు. లోకం తీరును చూసి, దాని గురించి బహిరంగంగా మాట్లాడేవాళ్లు ఒక సంఘంగా కూడాలన్న ఊహ ఆ రచనలో కనిపిస్తుంది. తెలుగులో పౌర సమాజాన్ని గురించిన తొలి సాహిత్య కల్పనల్లో 'సాక్షి' సంఘాన్ని ఒకటిగా చదవవచ్చు.

ఆదోని, ఎమ్మిగనూరులకు పొరుగునే ఉన్న మంత్రాలయం మాధ్వ సంప్రదాయానికి ప్రధాన క్షేత్రాల్లో ఒకటి. ఆ సంప్రదాయంలో సాక్షి భావన అద్వైతంలోని దానికి భిన్నంగా ఉంటుంది. మధ్వాచార్యుల సిద్ధాంతంలో సాక్షి జీవుడి స్వరూపేంద్రియం. సుఖదుఃఖాలను గ్రహించడంతో పాటు, కలిగిన జ్ఞానం ప్రమాణమా కాదా అని చివరకు నిశ్చయించేది అదే. అంటే అక్కడ సాక్షి తటస్థంగా చూస్తూ ఊరుకోదు, నిర్ణయిస్తుంది. తత్త్వశాస్త్రంలోని ఈ భేదాన్ని నేరుగా రాజనీతికి అన్వయించడం తగదు. కాని ఈ చర్చకు అది ఒక ఉపయోగకరమైన ప్రశ్నను అందిస్తుంది. చూడడంతో బాధ్యత తీరుతుందా, లేక చూసినదాని నిజానిజాలు తేల్చి చెప్పడం కూడా చూపులోనే భాగమా?

భారత సభాపర్వం ఈ ప్రశ్నను మరింత పదునుగా ముందుంచుతుంది. ద్రౌపది అడిగిన ధర్మసందేహానికి పెద్దలు బదులివ్వరు. కౌరవుల్లోనే చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడతాడు. సభలో కలకలం రేగుతుంది. కర్ణుడు గద్దిస్తాడు. విదురుడు హితవు చెప్పినా తీర్పు చెప్పవలసినవాళ్లు చెప్పరు. ఆ సభలో నిజం తెలిసినవాళ్లకు, చెప్పగలిగినవాళ్లకు కొదవ లేదు. చెప్పినవాడి మాటను నిలబెట్టే ఏర్పాటే లేదు.

విశ్వాసం, కక్ష

పశ్చిమ కర్నూలు పల్లెల్లో సాక్షి నోరు విప్పకపోవడానికి భయం ఒక్కటే కారణమనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్లు. భయం వెనుక ఒక చరిత్ర, ఆ చరిత్ర వెనుక ఒక నీతి ఉన్నాయి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయడంతో ఇది దత్తమండలాల్లో భాగమైంది. ఆదోని తాలూకా అప్పటి నుండి చాలాకాలం బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో దాదాపు 80 మంది పాలెగాండ్ర సైనిక బలాన్ని అణచివేశాడు. రైత్వారీ పద్ధతిలో ప్రతి రైతునూ విడివిడిగా ప్రభుత్వానికి బాధ్యుణ్ణి చేశాడు. కోటలు పోయాయి, బలగాలు చెదిరిపోయాయి. కాని ఊరికి ఒక రక్షకుడు కావాలన్న అవసరం పోలేదు. కరవు, అప్పు, నీటి తగాదా, పోలీసు కేసు, ఇవన్నీ వచ్చినప్పుడు కచేరీ దూరంగా ఉండేది, పెద్దమనిషి దగ్గరగా ఉండేవాడు. పాలెగాడి ఆశ్రయం పెత్తందారు ఆశ్రయంగా మారింది. రాయలసీమ పల్లెల్లో 'పార్టీ' అన్న మాట చాలాకాలం ఊరి కక్షల్లోని ఒక వర్గానికి పేరుగా వాడుకలో ఉండడం యాదృచ్ఛికం కాదు.

కక్షను కేవలం క్రూరత్వంగా చూసేవాళ్లు అందులోని నైతిక బంధాన్ని గుర్తించరు. నాయకుడు జైలుకు వెళ్లిన అనుచరుడి ఇంటికి గింజలు పంపుతాడు, వకీలును పెడతాడు, పిల్లల పెళ్లికి నిలబడతాడు. అనుచరుడు బదులుగా ప్రాణం పెడతాడు, అవసరమైతే తీస్తాడు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్న నీతి ఈ బంధానికి ఊపిరి. ఆ నీతిని పాటించే మనిషి తన దృష్టిలో అధర్మపరుడు కాడు. తన నాయకుడికి వ్యతిరేకంగా నిజం చెప్పడం అతనికి విశ్వాసఘాతుకంగా తోస్తుంది. ఎదుటి వర్గానికి వ్యతిరేకంగా అబద్ధం చెప్పడం విశ్వాసపాత్రతగా తోస్తుంది. సాక్ష్యం నిజానికి చెందినదిగా ఉండక వర్గానికి చెందినదైపోతుంది. ఏ వర్గానికీ చెందని మూడో మనిషి మాట్లాడితే ఇరువైపులా అనుమానమే. అందుచేత అతడు మౌనాన్ని ఎంచుకుంటాడు.

ఈ రెండు పట్టణాలకు చేరువలో, దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ల ఈ చరిత్రకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 2008 మే నెలలో ఒక వర్గం నాయకుడితో సహా 11 మంది హత్యకు గురయ్యారు. 2014లో న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. చట్టం తన పని చేసిందని చెప్పవచ్చు. కాని శిక్ష పడేనాటికి రెండు వైపులా ఎన్ని కుటుంబాలు మగదిక్కు కోల్పోయాయో, ఎంత భూమి బీడుపడిందో తలచుకుంటే, తీర్పు అన్నది చట్టబద్ధ పాలనకు చివరి మెట్టని, మొదటి మెట్టు ఎక్కడో ముందే తప్పిపోయిందని అర్థమవుతుంది. మొదటి తగాదా రేగిన రోజున, ఇరువర్గాలకూ చెందని ఒక మనిషి రచ్చకట్ట మీద నిలబడి నిజం చెప్పగలిగి ఉంటే ఏమయ్యేది? అతడు చెప్పలేకపోయాడని నిందించడం సులభం. అతనికి ఆ రోజు ఇంటికి తిరిగి వెళ్లే దారిలో తోడు ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

రాజ్యం తన వంతు ప్రయత్నం చేయలేదని అనలేం. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించి, చట్టం వచ్చేవరకు అది దేశమంతటా అమలు కావాలని ఆదేశించింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఇటువంటి పథకాన్ని రూపొందించి ప్రకటించాలి. ఇవి విలువైన ఏర్పాట్లు. కాని ముప్పును అంచనా వేసి నివేదిక ఇచ్చేది పోలీసు అధికారి. రక్షణ లభించేది కొంతకాలానికి. విచారణ ముగిశాక సాక్షి అదే వీధికి, అదే బావికి, అప్పిచ్చిన అదే మనిషి గడపకు తిరిగి వెళ్లాలి. అక్కడ అతనికి కావలసినది పోలీసు కాపలా ఇవ్వలేని తోడు. పౌర సమాజం పని మొదలయ్యేది ఇక్కడే.

సంఘం ఉంటే చాలునా?

సంఘాలు ప్రజాస్వామ్యానికి పాఠశాలలన్న ఆలోచనకు ప్రసిద్ధి తెచ్చినవాడు టాక్విల్. 1835, 1840లలో రెండు భాగాలుగా వెలువడిన 'అమెరికాలో ప్రజాస్వామ్యం'లో, విడివిడిగా బలహీనులైన పౌరులు సంఘంగా కూడడం నేర్చుకోకపోతే స్వేచ్ఛ నిలవదని ఆయన వాదించాడు. ఈ వాదానికి ఒక హెచ్చరికను జోడించవలసి ఉంది. వైమార్ జర్మనీలో సంఘాలకు కొదవ లేదని, పైగా నాజీలు ఆ సంఘాల వలల మీదుగానే విస్తరించారని 1997లో షెరీ బెర్మన్ చూపారు. సంఘం ఉండడం దానంతటదే ప్రజాస్వామ్యాన్ని కాపాడదు. కక్ష కూడా ఒక రకమైన సంఘమే. దానిలో ఐకమత్యముంది, త్యాగముంది, పరస్పర సహాయముంది. లేనిది ఒక్కటే, సభ్యుడు నాయకుణ్ణి ప్రశ్నించి కూడా సభ్యుడిగా మిగలగలిగే వీలు.

ఈ దృష్టితో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం చరిత్ర పరిశీలించదగినది. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఆ సంఘం మగ్గం మీద బతికే కుటుంబాలను ఒక చోటికి చేర్చింది. ఆయన కృషికి 1954లో పద్మశ్రీ పురస్కారం లభించింది. నూలు ఇచ్చి, బట్ట తీసుకొని, మజూరీ నిర్ణయించే మాస్టరు వీవరు చేతిలో నేతగాడి స్థితి, పెత్తందారు చేతిలో అనుచరుడి స్థితికి చాలా దగ్గర. నూలు అప్పు తీరదు కనుక నోరు పెగలదు. సహకార సంఘం ఆ బంధాన్ని నియమంగా మార్చడానికి చేసిన ప్రయత్నం. ప్రతి సభ్యుడికీ వాటా ధనంతో నిమిత్తం లేకుండా ఒకే ఓటు ఉంటుంది, లెక్కలు సర్వసభ్య సమావేశం ముందుకు రావాలి, పాలకవర్గం మారడానికి ఒక పద్ధతి ఉంటుంది. నూలు ఇచ్చే చేయి, ప్రశ్నకు జవాబు చెప్పవలసిన చేయి ఒకటే కావడం చిన్న మార్పు కాదు. అక్షరాలు అంతగా రాని నేతగాడు కూడా లెక్క అడగవచ్చునన్న అలవాటు అక్కడ మొదలవుతుంది.

అయితే సహకార సంఘాలకు మన రాష్ట్రంలో పట్టిన గతిని కూడా చెప్పాలి. 1964 సహకార సంఘాల చట్టం ప్రభుత్వానికి ఇచ్చిన విస్తృతాధికారాల నీడలో, ఎన్నికలు వాయిదా పడి సంఘాలు పర్సన్ ఇన్‌చార్జిల పాలనలో నడవడం మామూలైపోయింది. ఆ పరాధీనత నుండి బయటపడే దారిగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 2011లోని 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకొనే హక్కును 19వ అధికరణంలో చేర్చింది. ఈ మార్పులన్నిటి నుండి నేర్వవలసినది ఒకటుంది. సంఘాన్ని చంపడానికి నిషేధం అవసరం లేదు. ఎన్నికలు జరగకుండా ఉంచి, పైనుండి ఒక అధికారిని నియమిస్తే చాలు. పేరు, భవనం, బోర్డు మిగులుతాయి. ప్రశ్నించే అలవాటు మాత్రం పోతుంది. ఆ అలవాటు పోయాక సంఘం మళ్లీ ఎవరో ఒకరి 'పార్టీ' అవుతుంది.

ఆదోని పత్తి మార్కెట్టు ఇదే విషయాన్ని మరో విధంగా చూపుతుంది. 1966 వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం యార్డులో క్రయవిక్రయాలు బహిరంగంగా జరగాలి, తూకం సరిగా ఉండాలి, అనుమతి లేని కోతలు ఉండరాదు. నియమాలు స్పష్టంగా ఉన్నాయి. కాని కమీషన్ వ్యాపారే విత్తనాలకు, ఎరువులకు అప్పు ఇచ్చినవాడైనప్పుడు రైతు తూకం గురించి ఎంత గట్టిగా అడగగలడు? తేమ పేరుతో, తరుగు పేరుతో కొంత పోయినా, వచ్చే ఏటి అప్పు పోకుండా ఉంటే చాలుననుకుంటాడు. ఇక్కడ కత్తి లేదు, హత్య లేదు. అయినా సాక్షి మౌనంగానే ఉన్నాడు. పల్లెలోని రక్తపాతానికీ, యార్డులోని ఈ మౌనానికీ మూలం ఒకటే. చెప్పవలసిన నిజం, బతుకు ఆధారం ఒకే మనిషి చేతిలో చిక్కుకొని ఉన్నాయి. అందుచేత పౌర సమాజాన్ని బలపరచడమంటే మొదట ఈ రెండింటినీ వేరుచేయడం. ప్రత్యామ్నాయ పరపతి, రైతు సంఘం, హమాలీల సంఘం, అందరికీ కనిపించే కాటా, ఇవి ఆర్థిక సంస్కరణలుగానే కాక నైతిక సంస్కరణలుగా కూడా లెక్కకు రావాలి.

సుగ్గికి వెళ్లిన సాక్షులు

సాక్షి భయపడి మౌనంగా ఉండడం ఒక స్థితి. సాక్షి ఊళ్లోనే లేకపోవడం మరొక స్థితి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత పల్లెల్లో ఖరీఫ్ ముగిసే వేళకు వేలాది కుటుంబాలు సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు ప్రాంతంలో మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పనులకు పోతారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల పండుగ. సరిహద్దు తెలుగులో అది వలసకు పేరైంది. ఒకరి పంట సంబరం మరొకరి ఇంటికి తాళం కావడం ఆ మాటలోనే ఉంది.

రాజ్యాంగం 73వ సవరణ గ్రామసభను ఓటర్లందరి సభగా గుర్తించింది. కాని సుగ్గి నెలల్లో ఆ సభకు వచ్చేదెవరు? భూమి ఉన్నవాళ్లు, నీరు ఉన్నవాళ్లు, ఊరు విడవనవసరం లేనివాళ్లు. ఎవరి పేరు మీద పనులు జరిగాయని రాశారో వాళ్లు మిరప తోటల్లో ఉంటారు. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ప్రాముఖ్యం ఈ నేపథ్యంలో తెలుస్తుంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుండి నిర్వహించిన బహిరంగ విచారణల స్ఫూర్తి 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షనులో, అదే ఏటి సమాచార హక్కు చట్టంలో చోటు చేసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుండి సామాజిక తనిఖీని చేపట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. మస్టరు రోలులోని పేర్లను పదిమంది ముందు చదువుతారు. ఆ పేరుగల మనిషి తాను పని చేశానో లేదో, డబ్బు అందిందో లేదో చెబుతాడు.

ఈ పద్ధతి నైతికంగా సాధించినదాన్ని గుర్తించాలి. ఇక్కడ కూలీని ఎవరూ సాహసం చేయమని అడగరు. కాగితమే ముందు మాట్లాడుతుంది, కూలీ అవుననో కాదనో అంటాడు. ఫిర్యాదు చేసినవాడన్న ముద్ర అతని మీద పడదు. అందరినీ అడిగిన ప్రశ్నకే అతడూ జవాబు చెప్పాడు. నిజం చెప్పడానికి కావలసిన సాహసాన్ని వ్యవస్థ తగ్గించడమంటే ఇదే. దాని లోపాలు కూడా తెలిసినవే. తేలిన అక్రమాలకు తగిన రికవరీ జరగకపోతే, తనిఖీ సుగ్గి వేళ జరిగితే, చదివినవాడి ముందు పెత్తందారే కూర్చుంటే, ఆ ప్రక్రియ మళ్లీ తంతుగా మారుతుంది. వలస కుటుంబాలు ఊళ్లో ఉండే నెలల్లోనే గ్రామసభలు, తనిఖీలు జరగాలన్న చిన్న నియమం ఈ ప్రాంతంలో చాలా పెద్ద ఉపన్యాసాలకంటే విలువైనది.

ఒకే తూకం

పౌర సమాజం సాక్షి పక్కన నిలవాలంటే, ముందు తన సాక్ష్యం నమ్మదగినదిగా ఉండాలి. ఈ ప్రశ్నను తెలుగు నేలపై అత్యంత నిజాయితీగా ఎదుర్కొన్నవారు కె. బాలగోపాల్. 1952లో బళ్ళారిలో జన్మించిన ఆయన, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధిస్తూ హక్కుల ఉద్యమంలోకి వచ్చారు. 1983 నుండి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. రాజ్యహింసను ఆయన నిశితంగా నమోదు చేశారు. అదే సమయంలో, రాజ్యాన్ని ఎదిరించేవాళ్లు చేసే హింసను గురించి హక్కుల సంఘం మౌనంగా ఉండవచ్చునా అన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. ఆ చర్చ పర్యవసానంగా 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. 2009 అక్టోబరు 8న మరణించేవరకు ఆయన ఆ వేదికలోనే పనిచేశారు. రాయలసీమ కక్షల స్వరూపాన్ని రాజకీయార్థిక దృష్టితో విశ్లేషించినవారిలో కూడా ఆయన ప్రముఖులు.

ఆ విభేదంలో ఎవరి పక్షం సరైనదన్నది ఈ వ్యాసం పరిధి కాదు. రాజ్యానికి, వ్యక్తులకు మధ్య బలంలో ఉన్న అంతరం దృష్ట్యా రెండు హింసలను ఒకే గాటన కట్టరాదన్న వాదనకు కూడా బలముంది. అయినా కక్షల ప్రాంతానికి ఆ చర్చ ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఎదుటి వర్గం తప్పునే చూసే సాక్షి, కక్ష నీతిని దాటి రానట్లే. తన పక్షం తప్పును చెప్పగలిగినప్పుడే అతని మాట సాక్ష్యమవుతుంది. ఇది పౌర సంఘాలకు, పత్రికలకు, కుల సంఘాలకు, విశ్వవిద్యాలయాలకు కూడా వర్తించే నియమం. అధికారంలో ఉన్న పార్టీ మారగానే స్వరం మారే సంఘం ఎంత పెద్దదైనా, దాని మాట వినేవాడు మొదట అది ఎవరి మాట అని వెతుకుతాడు.

అనుగ్రహం, హక్కు

కప్పట్రాళ్ల పేరు 2024లో మళ్లీ వార్తల్లోకి వచ్చింది, ఈసారి వేరే కారణంతో. కప్పట్రాళ్ల రిజర్వు అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణ కోసం 68 బోరు రంధ్రాలు తవ్వే ప్రతిపాదన తెలియగానే, చుట్టుపట్ల పల్లెల ప్రజలు ఆందోళనకు దిగారు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని పరిసరాల నుండి వినవస్తున్న ఫిర్యాదులు వాళ్ల భయానికి నేపథ్యం. నవంబరు తొలివారంలో రహదారిపై నిరసన జరిగింది. కొద్ది రోజులకే ముఖ్యమంత్రి ఆదేశాలతో తవ్వకాల ప్రతిపాదన నిలిచిపోయింది.

ఒకప్పుడు వర్గాలుగా చీలి చంపుకున్న ఊరి పేరుతో పల్లెలు కలిసి, ఆయుధం లేకుండా, ఒక ప్రశ్న అడగడం సామాన్య విషయం కాదు. అన్వేషణ శాస్త్రీయంగా ప్రమాదకరమా కాదా అన్నది నిపుణులు తేల్చవలసినది. కాని తమ నేల మీద జరగబోయేదాన్ని ముందుగా తెలుసుకొనే అర్హత ఆ ప్రజలకుందన్న విషయంలో సందేహం ఉండనవసరం లేదు.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. ప్రతిపాదన ఎందువల్ల ఆగింది? ప్రజల సమ్మతి అవసరమన్న నియమం వల్లనా, పాలకుడు సానుకూలంగా స్పందించడం వల్లనా? పాలకుడి మాటతో ఆగినది, మరో పాలకుడి మాటతో మొదలుకావచ్చు. దీనికి ముందు, 2015లో అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంట్ ఆకె రవికృష్ణ ఈ గ్రామాన్ని దత్తత తీసుకున్నారు. ఆయన సంకల్పాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. కాని 'దత్తత' అన్న మాట మనలను ఆలోచింపజేయాలి. సంస్కృతంలో 'ప్రజ' అంటే సంతానమే. 'రఘువంశం'లో దిలీపుడు ప్రజలకు తండ్రి. 'రైతు' అన్న మాటకు మూలమైన అరబ్బీ పదం ఏలుబడిలో ఉన్నవాణ్ణి సూచిస్తుంది. ఈ రెండు మాటల్లోనూ ఒక రక్షకుడు, అతని నీడలో ఉన్నవాళ్లు ఉన్నారు. 'పౌరుడు' అన్న మాట ఒక్కటే మనిషిని ఒక పురానికి, అంటే ఒక సమష్టికి చెందినవాడిగా చెబుతుంది. మంచి పాలకుడి అనుగ్రహం, చెడ్డ పెత్తందారు ఆశ్రయం నైతికంగా సమానం కావు. అయినా రెండింటిలోనూ పౌరుడు బిడ్డగానే మిగిలిపోతాడు. వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించడంలో ఉన్న ఆంతర్యం ఇదే. అనుగ్రహంగా వచ్చినదాన్ని నియమంగా రాయించుకొనేవరకు విశ్రమించకపోవడం పౌర సమాజం బాధ్యత.

రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు ఎదురు కాగలవు. మొదటిది, పౌర సంఘాలను ఎవరూ ఎన్నుకోలేదు, ప్రజల పేరుతో మాట్లాడడానికి వాటికేమి అధికారముందన్నది. పార్థ ఛటర్జీ చెప్పినట్లు, మన దేశంలో పౌర సమాజమన్నది చదువుకున్న కొద్దిమంది వ్యవహారంగా ఉండి, అధికసంఖ్యాకులు రాజకీయ సమాజంలో బేరసారాలతో బతుకుతున్నారన్న విమర్శ కూడా దీనికి తోడవుతుంది. సాక్షి భావన దీనికి సమాధానమిస్తుంది. సాక్షి ప్రతినిధి కాడు. అతడు ఎవరి తరఫునా మాట్లాడడు, చూసినదాన్ని చెబుతాడు. అతని మాటకు విలువ ఓట్ల నుండి రాదు, ఎదురు ప్రశ్నలకు నిలబడడం నుండి వస్తుంది. అందుచేత పౌర సంఘం తన లెక్కలను, తన నిధుల మూలాలను, తన పొరపాట్లను అడిగినవాళ్ల ముందు పెట్టాలి. ఛటర్జీ విమర్శలోని సత్యం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. మస్టరు రోలు చదవగా విని కాదన్న కూలీ, సర్వసభ్య సమావేశంలో నూలు లెక్క అడిగిన నేతగాడు పౌర సమాజంలోకి రానంతవరకు అది కొద్దిమంది సాహిత్యంగానే ఉంటుంది.

రెండవ ఆక్షేపణ మరింత గంభీరమైనది. బలహీనుణ్ణి నిజం చెప్పమని ఒత్తిడి చేయడం న్యాయమా? సురక్షితంగా కూర్చున్నవాడు ప్రమాదంలో ఉన్నవాడికి ధైర్యం బోధించడం నైతికంగా తేలిక పని. ఈ ఆక్షేపణను పూర్తిగా అంగీకరించాలి. ఈ వ్యాసం ఏ ఒక్కరి నుండీ వీరత్వాన్ని కోరడం లేదు. వీరులు అవసరమైన చోట వ్యవస్థ ఓడిపోయినట్లే. ధైర్యాన్ని బోధించవలసిన చోట, దాని అవసరాన్ని తగ్గించడం మన కర్తవ్యం. అప్పును సాక్ష్యం నుండి వేరుచేయడం, కాగితాన్ని ముందు మాట్లాడించడం, సంఘాల ఎన్నికలు సకాలంలో జరిపించడం, సుగ్గికి ముందే గ్రామసభ పెట్టడం, కోర్టుకు వెళ్లే మనిషితో పదిమంది కలిసి వెళ్లడం, ఇవన్నీ ఆ దిశలో చేయదగిన పనులు. పదిమంది కలిసి వెళ్లినప్పుడు ఒక్కడి మీద పడే భారం పదోవంతవుతుంది.

ముగింపు

భాషాసాహిత్యాల అధ్యయనంలో ఉన్న మనకు ఇందులో ఏ పాత్ర ఉందన్నది చివరి ప్రశ్న. కక్షలను కథగా, చిత్రంగా మలచినప్పుడు తెగువను కీర్తించి, మౌనంగా ఉండిపోయిన మూడో మనిషిని విడిచిపెట్టిన సందర్భాలు తక్కువ కావు. సీమ కథకుల్లో కరవునూ, వలసనూ, ఆశ్రయ బంధాలనూ లోపలి నుండి చూసినవారున్నారు. వారి రచనలను ప్రాంతీయ సాహిత్యంగా వర్గీకరించి ఊరుకోకుండా, మాట్లాడలేనివాడి స్థితికి సంబంధించిన నైతిక పత్రాలుగా చదవడం మన పరిశోధనకు మిగిలి ఉన్న పని. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఆదోని వీధుల్లో సాక్ష్యం, జామీను, రాజీ, పంచాయితీ వంటి మాటలు ఏ భాష నుండి వచ్చి ఏ అర్థాలు సంతరించుకున్నాయో సేకరించడం కూడా ఆ పనిలో భాగమే. 'పంచాయితీ' అన్న మాట మన వాడుకలో తీర్పు కంటే ఎక్కువగా తగాదాకు పర్యాయపదం కావడం ఒక సామాజిక చరిత్రను చెబుతుంది.

చట్టబద్ధ పాలన పుస్తకాల్లో ఉండే సూత్రం కంటే ముందు ఒక అలవాటు. వ్యక్తి పట్ల చూపే విశ్వాసాన్ని నియమం పట్ల చూపగలిగే అలవాటు. ఆ అలవాటు ఉపదేశంతో రాదు. నియమం తనను ఒకసారైనా కాపాడిందన్న అనుభవంతో వస్తుంది. నూలు లెక్క అడిగినందుకు నూలు ఆగిపోలేదని నేతగాడు చూసినప్పుడు, తూకం ప్రశ్నించినా వచ్చే ఏటి విత్తనాలకు దారి ఉందని రైతుకు తెలిసినప్పుడు, సాక్ష్యం చెప్పి వచ్చిన మనిషి మరునాడు ఉదయం ఎప్పటిలాగే రచ్చకట్ట దగ్గర కూర్చోగలిగినప్పుడు, ఆ ఊళ్లో ప్రజాస్వామ్యం ఉందని చెప్పవచ్చు.